దున్నల్ని కాపాడిన వేట పత్రిక

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, ఎంత తిట్టుకుంటావో తిట్టుకో. ఇక్కడ అందరం బాగున్నాం, చిన్నదానికి జలుబు తగ్గింది, ఉద్యోగం ఇంకా ఊడలేదు. ఇక అసలు సంగతికొస్తా.

ఇక్కడి లైబ్రరీలో ‘ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్’ అనే పాత పత్రిక చరిత్ర కంటపడింది. 1873లో చార్లెస్ హాలక్ న్యూయార్క్‌లో పెట్టిన వారపత్రిక. తుపాకులు, గాలాలు, వేటకుక్కలు, అంతా నీ సరుకే. తర్వాత పెత్తనం జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ చేతికొచ్చింది. ఆయనా వేటగాడే. కానీ ఆడాళ్ళ టోపీల్లో ఈకల కోసం పక్షుల్ని చంపుతున్నారని 1886లో ఆ పత్రికలోంచే ఆడుబాన్ సొసైటీ మొదలెట్టాడు.

అసలు కథ 1894 మార్చిది. అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో మిగిలిన కాసిన్ని బైసన్‌లను, అదే మన అడవిదున్నల్లాంటివి, ఎడ్గర్ హోవెల్ అనేవాడు దొంగతనంగా చంపుతున్నాడు. తలలకు మంచి రేటు మరి. ఫెలిక్స్ బర్జెస్ అనే పార్కు కాపలా స్కౌట్ చూసేసరికి వాడు వంగి దున్న తోలు ఒలుస్తున్నాడు. మధ్యలో దాక్కోడానికి చెట్టు లేదు, పుట్ట లేదు. బర్జెస్ దగ్గర రివాల్వర్, వాడి తుపాకీ చేతికి కాస్త దూరంలో. హోరుగాలి, మంచు మీద జారే స్కీల చప్పుడు వాడికి వినపడలేదు. వాడి కుక్క కూడా పసిగట్టలేదురా! మీ టైగర్‌కి పూర్వీకుడై ఉంటుంది.

పట్టుకున్నారు, సరే. శిక్ష? పార్కులోంచి గెంటేయడం, అంతే! చట్టంలో అంతకుమించి లేదు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అయితే వాడి ఖర్మ ఏంటంటే, ఈ పత్రిక విలేకరి ఎమర్సన్ హఫ్ అప్పుడు అక్కడే ఉన్నాడు. వార్త పంపాడు, గ్రిన్నెల్ ఊరుకోలేదు, పత్రికలో దుమ్ము లేపాడు. మే 7కల్లా అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ కొత్త చట్టం మీద సంతకం పెట్టేశాడు: రెండేళ్ళ దాకా జైలు, వెయ్యి డాలర్ల దాకా జరిమానా. రెండు నెలలు కూడా పట్టలేదు! మన పంచాయతీలో వీధిలైటుకి ఎన్నాళ్ళు తిరిగామో గుర్తుందా?

ఆ తర్వాత పత్రిక నెలకోసారి వచ్చేది, 1930లో పోటీదారు ‘ఫీల్డ్ అండ్ స్ట్రీమ్’లో కలిసిపోయింది. పాపం.

గ్రిన్నెల్ని మరీ దేవుణ్ణి చేయకు. 1895లో అక్కడి మూలవాసులు, బ్లాక్‌ఫీట్ తెగవాళ్ళ కొండలు ప్రభుత్వం కొన్నప్పుడు బేరం ఆడిన ముగ్గురిలో ఈయన ఒకడు. వాళ్ళ స్నేహితుడే మళ్ళీ! ఇప్పటి గ్లేసియర్ నేషనల్ పార్కు తూర్పు భాగం ఆ నేలలోదే. దీని మీద నీతో పెద్ద గొడవ పెట్టుకోవాలి, ఎందుకంటే… అయ్యో, స్కూలు బస్సు వచ్చేసింది, ఉంటారా.

నీ
బాబీ