విష్ణుక్రాంతను పీకొద్దు, విత్తండి

సంపాదకుల వారికి,

వినాయక చవితి దగ్గర పడితే విజయనగరం గంటస్తంభం చుట్టూ, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర పత్రి కట్టలు పరుస్తారు. పూజకు చెప్పిన 21 పత్రాల్లో విష్ణుక్రాంత ఒకటి. కట్టలో అది ఉంటే వేరుతో సహా ఉంటుంది, లేకపోతే దాని పేరు మీద ఇంకేదో ఆకు ఉంటుంది. రెండో దానితో పోయేదేమీ లేదు, దేవుడు సర్దుకుంటాడు. నష్టమంతా మొదటి దానితోనే. భాద్రపదం నాటికి ఆ మొక్క మంచి పూత మీద ఉంటుంది. కాయ ముదిరి గింజ రాలడం చాలావరకు ఆ తర్వాత జరిగే పని. ఈలోగా వేరు పెకలిస్తే ఏళ్ల తరబడి బతకాల్సిన మొక్క పోతుంది, అది రాల్చాల్సిన గింజా పోతుంది. పెరట్లో ఒక బారెడు జాగా, కాస్త ఓపిక ఉంటే చాలు, దీన్ని ఇంట్లోనే పెంచుకోవచ్చు. ఎలా పెంచాలో నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం.

ముందు మొక్కను సరిగ్గా గుర్తుపట్టాలి. శాస్త్రీయ నామం ఇవాల్వులస్ ఆల్సినాయిడిస్. చిలగడదుంప, కాశీరత్నాల కుటుంబమే అయినా ఇది దేన్నీ చుట్టుకోదు, పైకి పాకదు. మొదట్లో గట్టి వేరు, దాని తల నుంచి అన్ని వైపులకూ నేల మీద పరుచుకునే సన్నటి కాడలు. ఆకు ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు, దాని మీద పట్టులాంటి నూగు ఉంటుంది. ఆకు మొదట్లోంచి దారమంత సన్నటి కాడ వచ్చి, దాని కొసన ఒకటో రెండో నీలి పూలు పూస్తాయి. పువ్వు సెంటీమీటరు లోపే. పొద్దున్న ఎండ తగిలాక విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. అందుకే సాయంత్రం పూట వెతికితే కళ్ల ముందున్నా కనిపించదు.

మోసపోయే చోట్లు మూడు. నర్సరీల్లో విష్ణుక్రాంత అని ఇచ్చేది చాలాసార్లు ఇవాల్వులస్ గ్లోమరేటస్, దక్షిణ అమెరికా మొక్క. బ్లూ డేజ్ అని కూడా అంటారు. అడుగు ఎత్తున గుబురుగా లేస్తుంది, పువ్వు మన దాని కంటే రెండింతలకు పైనే ఉంటుంది, కాడ లేకుండా ఆకుల మధ్యే కూర్చుంటుంది. అందమైన మొక్కే, కుండీలో పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు, కానీ అది ఇది కాదు. రెండోది ఇవాల్వులస్ నుమ్యులారియస్. ఆకు గుండ్రం, పువ్వు తెలుపు, కణుపు కణుపుకూ వేరు దించుకుంటూ పచ్చిక బయళ్లలో చాపలా అల్లుకుంటుంది. ఇదీ అమెరికా ఖండం నుంచి వచ్చినదే. తెల్ల విష్ణుక్రాంత అనుకుని తెచ్చి పెరట్లో వేస్తే తర్వాత వదిలించుకోవడం కష్టం. కాడ ఎత్తి చూడండి. కణుపుల దగ్గర వేళ్లుంటే అక్కడే వదిలేయండి. ఇక మూడోది శంఖుపుష్పం. పూజా సామగ్రి కొట్లలో ఈ రెండు పేర్లూ కలిపేస్తారు గానీ శంఖుపుష్పం చిక్కుడు జాతి తీగ, దానితో దీనికి చుట్టరికమే లేదు.

మన రెండు జిల్లాల్లో ఇది ఎక్కడ ఉంటుందో గమనిస్తే పెంపకం సగం అర్థమైనట్టే. ఎర్ర గరువు నేలలు, కంకర దిబ్బలు, గెడ్డ (వాగు) గట్ల మీది ఇసుక మెరకలు, కొండవాలు పశువుల బీళ్లు దీని చోట్లు. నీరు నిలిచే పల్లంలో ఉండదు, చెట్టు నీడలో పూయదు. పశువులు మేసే చోట గడ్డి పొట్టిగా ఉంటుంది, నేలకు అంటుకున్న ఈ మొక్కకు అప్పుడే ఎండ అందుతుంది. అదే బీడును మేపకుండా వదిలేసినా, జీడిమామిడో సరుగుడో నీలగిరో వేసినా గడ్డి, నీడ, రాలిన ఆకు కలిసి రెండు మూడేళ్లలో దీన్ని కప్పేస్తాయి. దీనికి ఎండ కావాలి, ఊపిరాడే నేల కావాలి, చుట్టూ పోటీ ఉండకూడదు. ఎరువు అంతగా అక్కర్లేదు.

బీడు నుంచి మొక్కను తవ్వి తెచ్చుకుందామనుకునే వారికి ఒక మాట. పైన జానెడు మొక్కే అయినా వేరు కంకరలో లోతుగా దిగి ఉంటుంది. ఎంత జాగ్రత్తగా తవ్వినా కొస తెగుతుంది. తెగిన వేరుతో తెచ్చినది నాలుగు రోజులు పచ్చగా ఉండి మాడిపోతుంది. కాబట్టి తెచ్చుకోవాల్సింది గింజ.

గింజ ఏరడానికి మంచి కాలం కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. కాడ కొసన పూలు పూస్తుండగానే మొదట్లో కాయలు ముదురుతుంటాయి. పచ్చి కాయ నున్నగా, గుండ్రంగా, ఆవగింజ కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. ముదిరేసరికి తొడిమ కిందికి వంగి, కాయ గోధుమ రంగుకు తిరిగి ఎండు కాగితంలా అవుతుంది. ఆ తర్వాత నాలుగు చెక్కలుగా పగిలి గింజలు నేల పాలవుతాయి. ఒక్కో కాయలో నాలుగు గింజల వరకు ఉంటాయి, తక్కువా ఉండొచ్చు. అన్నీ ఒకేసారి దొరకవు కాబట్టి నాలుగైదు రోజులకోసారి వెళ్లాలి. కాడ కింద తెల్ల కాగితం పరిచి, గోధుమ రంగు కాయలను వేలితో మెల్లగా నలిపితే గింజలు దాని మీద పడతాయి. పచ్చి కాయలు కోసి ఇంట్లో ఎండబెడితే వచ్చేవి ముడతలు పడిన తాలు గింజలు, అవి మొలవవు. ఒక చోట దొరికిన దానిలో నాలుగో వంతుకు మించి తీసుకోకండి.

ఇప్పుడు అసలు మెలిక. చాలామంది ఈ గింజలు చల్లి, మొలవలేదని వదిలేస్తారు. గింజ చచ్చింది కాదు, దాని తోలు నీటిని లోపలికి రానివ్వదు. బీట్లో ఎండా వానా, ఇసుక రాపిడీ కలిసి ఆ తోలును నెమ్మదిగా అరగదీస్తాయి, కొన్ని ఈ ఏడు మొలుస్తాయి, కొన్ని వచ్చే ఏడు. ఇంట్లో ఆ పని మనం చేయాలి. అగ్గిపెట్టె అడుగున 120 నంబరు గరుకు కాగితం ముక్క గరుకు పైకి ఉండేలా పరిచి, గింజలు వేసి, ఇంకో ముక్కను వేలికి చుట్టి అర నిమిషం, నిమిషం మెల్లగా రుద్దండి. గింజ మెరుపు పోయి మసకబారితే చాలు. లోపలి తెలుపు కనబడిందంటే ఎక్కువైనట్టే, ఆ గింజ కుళ్లిపోతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్నకి ఉబ్బినవి విత్తడానికి సిద్ధం. ఉబ్బనివాటిని ఆరబెట్టి మళ్లీ రుద్ది మళ్లీ నానబెట్టండి. తేలినవన్నీ తాలువని పారేయకండి, చిన్న గింజ కాబట్టి ఒట్టి గాలి బుడగ అంటుకున్నా తేలుతుంది. ఒకసారి కలిపి చూడండి. మరిగిన నీళ్లు పోసే పద్ధతి కూడా ఉంది గానీ, ఇంత చిన్న గింజకు వేడి కాస్త ఎక్కువైతే లోపలిది ఉడికిపోతుంది. గరుకు కాగితమే మేలు.

విత్తడానికి తొలకరి సమయం సరైనది. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడి ఎండ తీక్షణం తగ్గాక మొదలుపెడితే వానాకాలమంతా వేరు దిగడానికి ఉంటుంది. మట్టికి రెండు పాళ్లు ఎర్రమన్ను, రెండు పాళ్లు ఏటి ఇసుక, అర పాలు జల్లించిన పాత పశువుల ఎరువు కలపాలి. పచ్చి పేడ, కొబ్బరి పొట్టు ఎక్కువగా వేయడం రెండూ చేటే, మొదటిది లేత వేరును కాలుస్తుంది, రెండోది తడిని పట్టి ఉంచుతుంది. వెడల్పాటి ట్రేల కంటే నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల లోతు ఉన్న నర్సరీ సంచులు మంచివి, వేరుకు కావాల్సింది లోతు. అడుగున, పక్కల్లో చిల్లులుండాలి. సంచికి మూడేసి గింజలు వేసి మూడు మిల్లీమీటర్ల మందాన ఇసుక చల్లండి. పైనుంచి చెంబుతో పోస్తే గింజలు ఒక మూలకు కొట్టుకుపోతాయి, సంచులను నీళ్ల పళ్లెంలో ఉంచి కిందనుంచి తడవనివ్వండి. పై ఇసుక తడి రంగు తేలగానే తీసేయాలి. సరిగ్గా రుద్దిన గింజ సాధారణంగా వారం పది రోజుల్లో మొలుస్తుంది. మూడూ మొలిస్తే బలమైనది ఉంచి మిగతావాటిని కత్తెరతో కత్తిరించండి, లాగితే ఉంచిన దాని వేరు కూడా కదులుతుంది.

మొలిచిన మొదటి పక్షం రోజులు ముసురు పట్టకుండా చూసుకోవాలి. నారు మొదట్లో నల్లబడి పడిపోతోందంటే అది కుళ్లు తెగులు. కారణం ఎప్పుడూ ఒకటే, తడి ఎక్కువ, గాలి తక్కువ. సంచులను చూరు కిందికి జరిపి, నీళ్లు ఆపి, సంచికీ సంచికీ మధ్య ఎడం పెంచితే మిగిలినవి దక్కుతాయి.

ఏడెనిమిది ఆకులు వచ్చాక నేలలోకి మార్చవచ్చు. మట్టి గడ్డ విడిపోకుండా సంచిని కోసి తీసి, జానెడు ఎడంలో నాటండి. మీ పెరడు నల్లరేగడి అయినా, గట్టి బంకమట్టి అయినా గొయ్యి తవ్వి ఇసుక నింపితే సరిపోదు, ఆ గొయ్యి బావిలా నీళ్లు పట్టుకుంటుంది. నేల మీదే అర అడుగు ఎత్తున కంకర, ఇసుక, ఎర్రమన్ను కలిపి గట్టు పోసి దాని మీద నాటాలి. కుండీ అయితే ఎనిమిది అంగుళాల లోతు తక్కువ కాకుండా చూడండి. రోజుకు ఆరు గంటల ఎండ ఉండాలి. ఉదయపు ఎండ తగలని గోడ పక్కన పెడితే కాడలు సాగుతాయి, పూలు రావు. మట్టి కుండీ ప్లాస్టిక్ దాని కంటే త్వరగా ఆరుతుంది, ఈ మొక్కకు అదే అనుకూలం.

పాదుకున్నాక నీళ్ల లెక్క సులువు. వేలు అంగుళం లోతుకు దింపితే పొడిగా తగిలినప్పుడే పోయాలి. యూరియా చల్లకండి, ఆకు పెరిగి కాడలు చేవ తగ్గి పూత పడిపోతుంది. ఏడాదికోసారి తొలకరికి ముందు గుప్పెడు పాత ఎరువు చాలు. ఎక్కువ శ్రమ కలుపు దగ్గరే. తుంగ, గరిక, వయ్యారిభామ దీన్ని వారాల్లో ముంచేస్తాయి. చేత్తోనే తీయాలి, పార పెడితే పక్కనున్న కాడలు తెగుతాయి. ఎండలో పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి పిచికారీ చేయండి, అదీ పొద్దున్నే. ఆకు మీది నూగు తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి సాయంత్రం కొడితే రాత్రంతా ఆరక మచ్చలు పడతాయి.

వేసవిలో పై కాడలు ఎండిపోయి కట్టెల్లా అవుతాయి. చాలామంది చచ్చిందనుకుని పీకి పారేసేది అప్పుడే. ఎండిన కాడను మొదటికంటా వంచి చూడండి. మొదట్లో వంగితే, లోపల పచ్చదనం ఉంటే వేరు బతికే ఉన్నట్టు. ఎండిన భాగాన్ని రెండు అంగుళాలు ఉంచి కత్తిరించి, వారానికోసారి నీళ్లిస్తే చాలు, వాన పడగానే వేరు తల నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. రోజూ పోస్తే ఆ వేడికీ తడికీ వేరు కుళ్లిపోతుంది. అక్టోబరు, నవంబరు తుఫాను వానలకు కూడా ఇదే భయం, అందుకే గట్టు పోయమన్నది.

కొమ్మలతో రాదా అని అడుగుతారు. వస్తుంది, నమ్మకం తక్కువ. పూలు లేని లేత కొసలను మూడు అంగుళాలు కోసి, కింది సగం ఆకులు తీసి, కడిగిన ఏటి ఇసుకలో గుచ్చి, కోసిన నీళ్ల సీసా బోర్లించి వెలుతురున్న నీడలో ఉంచాలి. సీసా మూత తీసి ఉంచండి, లేకపోతే నూగు ఆకులు లోపలే బూజు పడతాయి. మూడు నాలుగు వారాలకు వేళ్లు రావచ్చు. అయితే అలా వచ్చినవి పీచు వేళ్లే, లోతుకు దిగే తల్లివేరు ఉండదు. మొదటి వేసవి దాటించడానికి వాటికి ఎక్కువ కాపలా కావాలి. గింజ దొరికినప్పుడు ఈ తంటా అనవసరం.

ఇక పత్రి. జూన్‌లో విత్తినది ఆ చవితికి చిన్నదిగానే ఉంటుంది, దాన్ని ముట్టకండి. రెండో ఏటి నుంచి ఒక్కో మొక్క నుంచి కొసలు మాత్రమే, మొత్తం కాడల్లో మూడో వంతుకు మించకుండా కత్తెరతో తీసుకోవచ్చు. రెండు మూడు కొసలు పూజకు ధారాళం. తెగిన చోట పక్క చిగుళ్లు వచ్చి మొక్క గుబురవుతుంది కూడా. పత్రి అమ్మేవారికీ ఇది గిట్టుబాటే, పీకిన మొక్క ఒక్క చవితికి, కత్తిరించిన మొక్క ప్రతి చవితికి.

మీ పత్రిక జిల్లా పేజీలో చవితికి ముందు ఏటా పత్రి గురించి రాసేటప్పుడు వేరుతో పీకవద్దన్న మాట ఒక్క వాక్యం చేర్చాలని కోరుతున్నాం. మొక్కలు పంచే ప్రభుత్వ నర్సరీలు తమ జాబితాలో ఒక వంద సంచులు దీనికి కేటాయిస్తే ఖర్చేమీ కాదు, గింజ ఊళ్లోనే ఉంది. పాఠశాలల్లో వెనక గోడ పక్కన ఎండ పడే కంకర జాగా ఏ పనికీ రాదనుకుంటారు, ఇది పెరిగేది అలాంటి చోటే.

ఈ శీతకాలం గింజ ఏరేవారు దాన్ని రెండు రోజులు నీడలో ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచిలో కాక కాగితపు పొట్లంలో కట్టి, పొట్లం మీద ఏ ఊరి బీడు, ఏ నెల అన్నది రాసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచండి. రుద్దడం మాత్రం విత్తే ముందు రోజే. రుద్దిన గింజ నిల్వ ఉండదు.

ఇట్లు,
కొందరు పాఠకులు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా