నిన్నటి హన్మకొండ మీటింగ్ ముచ్చట

అక్కలందరికీ నమస్తే. నిన్న హన్మకొండలో మహిళా వ్యాపారుల మీటింగ్‌కు పోయి, మన గ్రూప్ తరఫున మాట్లాడి వచ్చాను. ఐదు నిమిషాలే ఇచ్చారు. రెండు పేజీలు రాసుకుని పోయాను గానీ, మైక్ చేతికి రాగానే టెన్షన్‌తో కాగితం వణకడం మొదలైంది. ఇక లాభం లేదని దాన్ని మడిచి, సంచిలోంచి ఒక చపాట మిర్చి తీసి చూపించాను. తెలుసుగా, టమాటలా గుండ్రంగా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. దీనికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చిందనగానే ముందు వరుసలో ఫోన్ చూసుకుంటున్న ఇద్దరు తలెత్తారు. నేను అమ్మే మిర్చి పచ్చడిలో కిలో మీద నాకెంత మిగులుతుందో కూడా దాచకుండా చెప్పాను. తర్వాత ప్రశ్నలన్నీ ఆ మిగులు మీదే!

విజిటింగ్ కార్డులు మాత్రం ఇంట్లోనే మర్చిపోయాను. టీ తాగేటప్పుడు ఆ రెండు పేజీల వెనకాలే నంబర్లు రాసుకున్నా. ఇంటికొచ్చి చూస్తే ఒకదానికి తొమ్మిది అంకెలే ఉన్నాయి.

ఇంకో మాట. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు, చేయిస్తామని ఒక చెల్లె దగ్గర ఎవరో డబ్బులు తీసుకున్నారట. ప్రభుత్వ పోర్టల్‌లో అది ఉచితం. ఆధార్, పాన్ దగ్గర పెట్టుకుని మనమే చేసుకోవచ్చు.

వచ్చేసారి కొత్తవాడ అక్క మాట్లాడితే బాగుంటుంది. వరంగల్ దర్రీలకు, అంటే నేలమీద పరిచే నేత తివాచీలకు, 2018లోనే జీఐ వచ్చింది, చిన్న దర్రీ ఒకటి తెచ్చి పరిస్తే చాలు. అక్కా, ఆదివారంలోగా అవునో కాదో చెప్పు. కార్డులు ఈసారి నేను గుర్తు చేస్తాను.