హన్మకొండ బస్టాండు దగ్గరి సర్వీస్ షాపు అన్నకు

కళ్లు మండుతున్నాయి, అయినా ఇప్పుడే రాసేస్తా. పడుకుని లేస్తే ఇంత మనసారా రాయలేనేమో. మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు యాప్ మొత్తానికి ఫోన్లో ఓపెన్ అయింది. యాప్ అంటే ఇంకా ఏం లేదు లెండి, ఫ్లట్టర్‌లో (యాప్‌లు తయారుచేసే గూగుల్ టూల్‌కిట్) కొత్త ప్రాజెక్టు తెరిస్తే వచ్చే శాంపిలే. ప్లస్ గుర్తు నొక్కితే అంకె పెరుగుతుంది, అంతే. అది కనబడే దాకా పడ్డ పాట్లు మా బ్యాచ్‌కే తెలుసు.

గట్టెక్కించింది ఈ అన్నే. ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు బాగుచేసే చిన్న షాపు ఆయనది. పేరు రాయొద్దన్నాడు, రాయట్లేదు.

నేను వెళ్లింది ఫార్మాట్ చేయించడానికి. వేరే షాపుల్లో "ఈ డబ్బా మీద యాప్‌లేంటమ్మా, కొత్తది కొనుక్కో" అని పంపేశారు. ఈయన మాత్రం ఫార్మాట్ ఎందుకని అడిగాడు. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే మౌస్ కూడా కదలదని చెప్పా. దానికి కనీసం 8 జీబీ కావాలి, ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) కూడా నడవాలంటే 16 ఉంటేనే సుఖం. అంతా విని, "ఫ్లట్టర్ అంటే ఏందో నాకు తెల్వదు చెల్లె. అదేమంటుందో సదువుదాం పా" అన్నాడు.

స్టూల్ ఇటు జరిపి నన్ను కూర్చోబెట్టాడు. "మౌస్ నువ్వే పట్టుకో. రేపు నేనుండను గదా."

స్టూడియో లేకుండా, కమాండ్లు టైప్ చేసి నడిపే కమాండ్ లైన్ టూల్స్ జిప్ ఒక్కటి దించుకున్నా పని జరుగుతుందని ఎవరో చెబితే దించి పెట్టుకున్నా. అందులో ఎస్‌డీకే మేనేజర్ (యాప్ తయారీకి కావాల్సిన ప్యాకేజీలు దించేది) నడిపితే చాలు, ఎస్‌డీకే రూట్, అంటే అవి ఉండాల్సిన అసలు ఫోల్డర్, దొరకట్లేదని మొండికేసేది. అన్న ఆ ఎర్రర్‌ను నాతో చివరి దాకా పైకి చదివించాడు, స్క్రీన్ మీద ఒక్కో పదం కింద వేలు పెట్టి. సమాధానం రెండో లైన్లోనే ఉంది: ఈ ప్యాకేజీని టూల్స్ ఫోల్డర్ లోపల 'లేటెస్ట్' అనే ఫోల్డర్లోకి మార్చు అని. జిప్ విప్పితే ఆ ఫోల్డర్ రాదు, మనమే చేసుకోవాలి. చేసి, జిప్‌లోంచి వచ్చిన బిన్, లిబ్ ఫోల్డర్లన్నీ అందులోకి జరిపా. మళ్లీ కొడితే నడిచింది! నా ఫోన్ డేటా అప్పటికే అయిపోయింది, షాపు వైఫై పాస్‌వర్డ్ ఆయనే టైప్ చేశాడు.

తర్వాత ఫోన్. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచా, ల్యాప్‌టాప్ నుంచి ఫోన్లోకి యాప్ ఎక్కించడానికి యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేశా. ఛార్జింగ్ ఎక్కుతుంది, ల్యాప్‌టాప్ చూపించే డివైస్‌ల లిస్టులో మాత్రం ఫోన్ లేదు. అన్న నా కేబుల్ పీకి చూసి, డ్రాయర్‌లోంచి ఇంకోటి తీసి పెట్టాడు. "నీ వైరు ఛార్జింగుకే. దీంట్ల డేటా లైన్లుండవు." ఫోన్ కనబడింది. ఆ కేబుల్‌కు పైసా తీసుకోలేదు. పాత మెషీన్‌లోంచి తీసిన 4 జీబీ ర్యామ్ ముక్క కూడా వేసి, డబ్బులు నెలాఖరుకు ఇవ్వమన్నాడు.

ఇవేవీ కాదు నన్ను ఏడిపించింది. ప్రింటర్ పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన "ఇంకెంతసేపు" అని విసుక్కుంటే, అన్న తల ఎత్తకుండానే "చెల్లెకు పరీక్ష ఉంది, జర ఆగు సార్" అన్నాడు. పరీక్ష కాదన్నా, ప్రాజెక్టు అని చెబుదామంటే గొంతు పెగల్లేదు. కళ్లు తుడుచుకుంటుంటే చూడనట్టే ఊరుకున్నాడు, అందుకు ఇంకో దండం.

ఇదంతా కాలేజీలో జరగాల్సిన పని. సిలబస్‌లో మొబైల్ యాప్ ల్యాబ్ ఉంది, ల్యాబ్ ఫీజు ఉంది. ల్యాబ్ సిస్టమ్‌లో మాత్రం ఏదీ ఇన్‌స్టాల్ చేయలేం, అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసినాయన ఎప్పుడూ సెలవే. నడవని ప్రోగ్రాములకు అవుట్‌పుట్ రికార్డులో చేత్తో రాయాలి, దానికి మార్కులు కూడా వేస్తారు. "ఇంట్లో చేసుకుని రండి" అంటారు. ఎవరింట్లో సార్? సరే, ఆపేస్తా, ఇంకా వైవా ఉంది.

అమ్మా, నాన్నా, థ్యాంక్స్. తమ్ముడూ, నీ ఫోన్ ఆదివారం ఇస్తా.

అయ్యో, గ్రేడిల్ (కోడ్‌ను యాప్‌గా బిల్డ్ చేసే టూల్) మెమరీ సెట్టింగ్‌లో 8 జీబీ అని ఉంటే 2కు తగ్గించమని అర్ధరాత్రి ఫోన్లో చెప్పిన సీనియర్ అక్కను మర్చిపోయా. ఆవిడ చెప్పకపోతే బిల్డ్ మధ్యలోనే చచ్చేది. హాట్‌స్పాట్ ఇచ్చిన రూమ్మేట్స్‌కు, గేటు తీసి పెట్టిన హాస్టల్ వాచ్‌మన్ తాతకు కూడా. ఆ ప్రింటర్ సార్‌కు కూడా, చివరిదాకా ఆగినందుకు. ఇంకెవరైనా మిగిలుంటే తిట్టండి, నిద్ర లేచాక కలుపుతా.