గేటు దగ్గర లాక్కునేది భద్రత కోసమేనా?

సంపాదకులకు నమస్కారం.

మ్యూజిక్ ఫెస్టివల్‌కి ఎవరి మందు వాళ్లు తెచ్చుకోనివ్వాలా వద్దా అని ఈ మధ్య మీ పేజీలో వచ్చిన ఉత్తరం చదివాను. అసలు మందే లేకుండా చేస్తే ఏ గొడవా ఉండదు కదా అని రాశారు ఒక పెద్దాయన. వినడానికి బాగానే ఉంది. కానీ లోపల అడుగడుక్కీ బార్ పెట్టి అర్ధరాత్రి దాకా అమ్ముతూ, బయటి నుంచి తెచ్చుకున్నవాడి సంచీ మాత్రం భద్రత పేరు చెప్పి ఖాళీ చేయించే చోట ఆ మాట ఎలా అతుకుతుంది సార్? అక్కడ గొడవ తాగడం గురించి కాదు, ఎవరి దగ్గర కొని తాగాలన్నదాని గురించి. ముందే చెప్పేస్తున్నా, నేను తాగను. మా గుంపులో అందర్నీ ఇళ్లకి చేర్చే డ్రైవర్ని నేనే, కాబట్టి రూల్ ఎటు మారినా నాకు వచ్చేదీ లేదు పోయేదీ లేదు, కాకపోతే తాగినవాళ్లని పూర్తి తెలివిలో ఉండి దగ్గర్నుంచి చూసే భాగ్యం మాత్రం బాగా దక్కింది.

గాజు సీసాలు వద్దంటే నేనూ చెయ్యెత్తుతాను. చీకట్లో, గడ్డిలో పగిలిన పెంకు ఎవరికీ కనబడదు, చెప్పులు తెగిపోయి ఒట్టి కాళ్లతో ఎగిరేవాళ్లు ప్రతి స్టేజి ముందూ ఉంటారు. ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ ఫెస్టివల్ జరిగే వర్తీ ఫామ్ నిజంగానే పాడి ఆవులున్న పొలం. రెండు లక్షల మంది తొక్కి వెళ్లిపోయాక మళ్లీ ఆవులు మేయాల్సింది ఆ గడ్డే కాబట్టి, అక్కడ గాజంటే చచ్చినా ఒప్పుకోరు. (1970లో మొదటిసారి పెట్టినప్పుడు టికెట్ కొన్నవాళ్లకి పాలు ఫ్రీగా పోశారు. పైన చెప్పిన పెద్దాయనకి నచ్చుతుందని రాస్తున్నా.) అయితే అదే గ్లాస్టన్‌బరీలో, మీకు సరిపడా మందు క్యాన్లలోనో డబ్బాల్లోనో తెచ్చుకుంటే ఎవరూ ఆపరు. లోపల బార్లూ ఉన్నాయి, వాటికేమీ గిరాకీ తగ్గలేదు.

ఇంగ్లండ్‌లోనే రీడింగ్, లీడ్స్ ఫెస్టివల్స్‌లో ఇంకో పద్ధతి, టెంట్లు వేసుకునే చోటికి తెచ్చుకోవచ్చు, స్టేజిలున్న వైపు మాత్రం పట్టుకెళ్లకూడదు. అమెరికాలో కోచెల్లా ఫెస్టివల్ వాళ్లు క్యాంపింగ్‌లో ఉండేవాళ్లకి బీరో వైనో కొంత లెక్క ప్రకారం రానిస్తారు, విస్కీ లాంటివి వద్దంటారు. అమెరికాలోనే ఎడారిలో జరిగే బర్నింగ్ మ్యాన్ ఉత్సవంలో అయితే మొత్తం తలకిందులే, అక్కడ మందు అమ్మడమే ఉండదు, తాగాలంటే తెచ్చుకోవాలి లేదా పక్కవాడు పోస్తే పుచ్చుకోవాలి, అప్పుడు కూడా వయసు చూపించే కార్డు అడుగుతారు. ఇన్ని రకాలుగా నడుస్తుంటే, బయటి మందు రానిస్తే ఫెస్టివలే నడవదని మనకి చెప్పేవాళ్లు చెవిలో పువ్వు పెడుతున్నట్టే.

విస్కీ, వోడ్కా వద్దనడానికి మాత్రం గట్టి లెక్కే ఉంది, అదెవరూ జనానికి విడమర్చి చెప్పరు. 5 శాతం ఉన్న 330 మిల్లీలీటర్ల బీరు క్యాన్‌లో అసలు ఆల్కహాల్ దాదాపు 13 గ్రాములు. 40 శాతం ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 237 గ్రాములు, అంటే ఒక్క సీసా పద్దెనిమిది క్యాన్లతో సమానం. పద్దెనిమిది క్యాన్లు మోసుకురావడం కష్టం, తాగడం ఇంకా కష్టం, మధ్యలో కడుపే వద్దంటుంది. సీసా అలా కాదు, సంచీలో ఓ మూల పట్టేస్తుంది, కూల్ డ్రింకులో కలిపితే ఎంత పోయిందో కూడా తెలీదు. అలాగే మూత తీసిన సీసా వద్దనడం కూడా సబబే, అందులో ఏముందో గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడు వాసన చూసి ఎలా చెప్తాడు? మిథనాల్ కలిసిన కల్తీ సరుకైతే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు, అది వాసనకీ రుచికీ దొరకదు.

కాబట్టి గాజు వద్దు, ఘాటు మందు వద్దు, సీలు లేనిది వద్దు అంటే అది భద్రత. సీలు తియ్యని బీరు క్యాన్ వద్దని, లోపల అదే బీరు అదే క్యాన్‌లో అమ్మితే అది వ్యాపారం.

ఆ మధ్య నేను వెళ్లిన ఒకచోట (పేరెందుకులెండి) ఈ తేడా కళ్లారా చూశాను. బయటి మందు తేకూడదన్న మాట టికెట్ మీద లేదు, వెబ్‌సైట్లో లేదు, చెకింగ్ టేబుల్ వెనక గోడకి అంటించారు. అంటే రెండు గంటలు లైన్లో నిలబడి అక్కడిదాకా వచ్చినవాడికే అది కనబడుతుంది. టేబుల్ పక్కన నీలం డ్రమ్ము, అప్పటికే సగానికి పైగా సీలు తియ్యని క్యాన్లతో నిండిపోయి ఉంది. మా ముందున్న కుర్రాళ్లు అందులో పడెయ్యడానికి మనసొప్పక పక్కకి జరిగి, తెచ్చినవన్నీ అక్కడే నిలబడి గటగటా ఎత్తేశారు. వాళ్లు తాగుతున్నంతసేపూ సెక్యూరిటీ అతను వాళ్ల బ్యాగు పట్టుకుని మరీ ఓపిగ్గా నించున్నాడు, పాపం అతనికి మాత్రం ఏం తెలుసు, చెప్పింది చేస్తున్నాడు. ఖాళీ క్యాన్లు డ్రమ్ములో పడగానే లోపలికి పంపించేశాడు. చేతిలో ఉంటే ప్రమాదం, కడుపులో ఉంటే పర్లేదన్నమాట!

మన శరీరం గంటకి కరిగించేది సుమారు 8 గ్రాములే, ఒక్క క్యాన్‌కే గంటన్నర పడుతుంది. మెల్లగా సాయంత్రమంతా తాగాల్సినదాన్ని పది నిమిషాల్లో పోసుకుంటే అది ఎక్కేది గేటు దగ్గర కాదు, ఓ అరగంట, గంట తర్వాత, స్టేజి ముందు ఊపిరాడనంత గుంపులో నలిగిపోతున్నప్పుడు. ఆ రూల్ వల్ల ఎవరు క్షేమంగా ఉన్నారో నాకైతే అర్థం కాలేదు. ఇక దొంగచాటుగా తెచ్చేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, సన్‌స్క్రీన్ సీసాలో వోడ్కా పోసుకొచ్చేవాళ్లున్నారు, ముందురోజే మైదానంలో పాతిపెట్టి వచ్చే ఘనులూ ఉన్నారట. బీరు ఆపితే వోడ్కా వస్తుంది, ఎందుకంటే దాచిపెట్టడానికి తేలికైనది అదే.

నాకు ఎక్కువ కోపం వచ్చింది మాత్రం మంచినీళ్ల దగ్గర. ఆ డ్రమ్ములో బీరుతోపాటు నీళ్ల బాటిళ్లూ పడుతున్నాయి. నిండు బాటిల్‌కి మూత ఉంటే విసరడానికి పనికొస్తుందంటారు, ఒప్పుకుంటాను, 2004లో రీడింగ్‌లో ర్యాపర్ 50 సెంట్ మీద బాటిళ్ల వాన కురిసింది. అలాంటప్పుడు మూత తీసుకోండి, లేదా ఖాళీ బాటిల్ రానిచ్చి లోపల కుళాయిలు పెట్టండి. అసలు మందు ఒంట్లో నీటిని బయటికి తోసేస్తుంది, ఎండలో గంటలకొద్దీ ఎగిరేవాడికి ముందు కావాల్సింది నీళ్లే. 1999 జులైలో అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ మ్యూజిక్ ఫెస్టివల్ సంగతి తెలిసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, పాత వైమానిక స్థావరంలో, కాంక్రీటు మీద, మండుటెండలో పెట్టారు. జనం తెచ్చుకున్న నీళ్లు గేటు దగ్గరే తీసేసుకుని లోపల బాటిల్ 4 డాలర్లకి అమ్మారు. చివరి రాత్రికి మంటలు, లూటీలు. అన్నిటికీ నీళ్లే కారణమని అనను, అక్కడ తప్పులు చాలా జరిగాయి, కానీ జనంలో మంట రాజేసినవాటిలో అదీ ఒకటి.

నిర్వాహకులకి ఖర్చులుంటాయని నాకూ తెలుసు. టికెట్ల డబ్బు చాలావరకు పాటగాళ్లకీ స్టేజికీ పోతుంది, లాభం మిగిలేది బార్ మీదే, పైగా బీరు కంపెనీ స్పాన్సర్‌గా వస్తే లోపల తమ సరుకు తప్ప ఇంకోటి కనబడకూడదని కాగితం రాయించుకుంటుంది. తప్పేం లేదు, ఆ ముక్కే చెప్పండి. 'మా ఆదాయం బార్ మీద ఆధారపడి ఉంది, బయటి మందు తేవద్దు' అని టికెట్ కొనే పేజీలోనే, డబ్బు కట్టకముందే, కంటికి ఆనేంత అక్షరాల్లో రాయండి. ఇష్టమున్నవాడు కొంటాడు, లేనివాడు మానేస్తాడు. గేటు దగ్గర తీసుకున్నదానికి టోకెన్ ఇచ్చి వెళ్లేటప్పుడు తిరిగి ఇవ్వండి, చెప్పులకీ హెల్మెట్లకీ టోకెన్లిచ్చే మనకి ఇది పెద్ద పనా? టెంట్లుంటే టెంట్ల వరకైనా మనిషికిన్ని క్యాన్లని లెక్క పెట్టి రానివ్వండి. నీళ్లు మాత్రం ఎవరి దగ్గరా తీసుకోకండి. ఇంతకీ ఆ డ్రమ్ములో పడ్డ సీలు తియ్యని క్యాన్లన్నీ రాత్రికి ఎక్కడికి వెళ్తాయో ఎవరైనా నిర్వాహకులు మీ పేజీలోనే జవాబు రాస్తే చదవాలని ఉంది.

ఇట్లు,
మందు ముట్టని ఒక పాఠకుడు