ప్రతి జ్వరానికీ టైఫాయిడ్ ముద్రేనా?

సంపాదకుల వారికి,

ఈ మధ్య మా ఊళ్లో ఎవరిని పలకరించినా ఒకటే మాట: ‘కొంచెం టైఫాయిడ్ ఉందన్నారండీ’. నా చిన్నతనంలో సన్నిపాత జ్వరం అంటే ఇల్లంతా హడలిపోయేది. ఇప్పుడది జలుబంత మామూలైంది. జబ్బు పెరిగిందా, ల్యాబు చీటీల మీదే పెరిగిందా అని నా అనుమానం.

కిందటి వానాకాలం మా మేనల్లుడికి జ్వరమొస్తే రెండో రోజే టైఫాయిడ్ కోసం వైడాల్ అనే రక్తపరీక్ష చేయించారు. చీటీలో 1:160 అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ‘పాజిటివ్’ అని రాశారు. కిటికీ ఊచకు సెలైన్ సీసా కట్టి ఐదు రోజులు ఇంజెక్షన్లు పొడిచారు. అన్నం మాన్పించి బ్రెడ్డు, పాలు పెట్టారు. జ్వరం దిగలేదు. టౌనుకు తీసుకెళ్తే డాక్టరుగారు చొక్కా విప్పించి చంక కింద చూశారు. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు! జీడితోటలో పొదలు కొట్టేటప్పుడు కంటికి ఆనని పురుగేదో కుట్టింది. అది టైఫాయిడ్ కాదు, ఆ పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ అనే వేరే జ్వరం. డాక్సీసైక్లిన్ మాత్రలు వేశాక రెండు రోజుల్లో జ్వరం తగ్గింది. ఇంకో వారం ఆలస్యమైతే ఏమయ్యేదోనని తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

వైడాల్ 1896 నాటి పరీక్ష. అది క్రిమిని పట్టదు, క్రిమి మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను కొలుస్తుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్ వల్ల కావచ్చు, మలేరియా లాంటి వేరే జ్వరం వల్ల కావచ్చు, పాజిటివ్ రావచ్చు. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లకు మొదటి వారంలో నెగటివ్ కూడా రావచ్చు. నమ్మదగింది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష. అదీ యాంటీబయాటిక్ మొదలెట్టకముందే రక్తం తీయాలి.

టైఫాయిడ్ లేదని నేననడం లేదు. ఉంది కాబట్టే దాని మందులు కాపాడుకోవాలి. 2016లో పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లో మొదలైన టైఫాయిడ్ సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కు కూడా లొంగలేదు. మా మేనల్లుడికి ఐదు రోజులు పొడిచింది ఆ మందే.

ఒక్క వైడాల్ చీటీ చూసి టైఫాయిడ్ అని తేల్చవద్దని వైద్యాధికారులు ల్యాబులకు, ఆర్‌ఎంపీలకు గట్టిగా చెప్పాలి. పీహెచ్‌సీల్లో కల్చర్ సీసాలు ఉంచి, తీసిన రక్తం అదే రోజు జిల్లా ఆస్పత్రికి చేరేలా చూడాలి. స్క్రబ్ టైఫస్ వచ్చిన అందరికీ ఆ నల్ల పక్కు ఉండదు గానీ, చంకలు, గజ్జలు ఓసారి చూడడానికి పైసా ఖర్చు లేదు. మళ్లీ వానలు పడేలోపే ఇది మొదలుపెట్టాలని మనవి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయనగరం జిల్లా