మా పాప లెక్కల టీచరుకు, గణిత కోచ్‌కు కృతజ్ఞతలు

అమెరికాలోని అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో నాలుగో తరగతి చదువుతున్న మా పాపకు లెక్కల్లో అండగా నిలిచిన టీచరు గారికి, ఆ బడి గణిత కోచ్ గారికి మా ఇంటిల్లిపాది తరఫున మనఃపూర్వక కృతజ్ఞతలు. వాళ్లకు ఇంగ్లీషులో విడిగా ఉత్తరం ఇచ్చాం. ఇక్కడి మన కుటుంబాలకూ తెలియాలని ఇది తెలుగులో రాస్తున్నాను.

ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్ల, మూడో వంతు కన్నా నాలుగో వంతు పెద్దదనుకునేది. మూడు కన్నా నాలుగు పెద్దది కదా! మార్కుల్లో ఆ లోపం బయటపడలేదు. బడి తెరిచిన కొత్తలో పెట్టిన భిన్నాల పరీక్ష దాన్ని పట్టుకుంది. ఎక్కడ తడబడుతోందో, బడి ఏం చేయబోతోందో, ఇంట్లో మేమేం చేయవచ్చో వివరిస్తూ ఉత్తరం వచ్చింది.

కోచ్ గారు పాపకు నేరుగా పాఠం చెప్పలేదు. ఆమె పని టీచర్లతో. తరగతిలో కూర్చుని పిల్లలు ఆలోచించే తీరు గమనించి, టీచరు గారితో కలిసి తర్వాతి పాఠాన్ని సరిదిద్దేవారు. కాగితం పట్టీలు మడిచి, సంఖ్యారేఖ పక్కన పెట్టి, సున్నాకూ ఒకటికీ మధ్య దూరాన్ని పిల్లల చేతే భాగాలు చేయించారు. భాగాలు పెరిగేకొద్దీ ఒక్కొక్కటీ చిన్నదవడం పాప కళ్లారా చూసింది. అంతకుముందు ఆమెకు భిన్నమంటే గీతకు పైనా కిందా ఉన్న రెండు అంకెలు. ఇప్పుడది ఒకే సంఖ్య, రేఖ మీద దానికంటూ ఒక చోటుంది. రేపు నిష్పత్తులకూ బీజగణితానికీ పునాది ఇదే. అందుకే నాకింత సంతోషం.

వారి శ్రద్ధకు చట్టం తోడైంది. రాష్ట్ర సెనేటర్ ఆర్థర్ ఆర్ ప్రతిపాదించగా 2022లో గవర్నర్ కే ఐవీ సంతకం చేసిన అలబామా న్యూమరసీ (గణిత సామర్థ్యం) చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో గణిత కోచ్‌లు ఉండాలి, రోజూ కనీసం 60 నిమిషాలు గణితం చెప్పాలి, అయిదో తరగతి ముగిసేలోపే లోపాలను పరీక్షల ద్వారా గుర్తించాలి. 2019 జాతీయ పరీక్షల్లో నాలుగో తరగతి గణితంలో అలబామా అట్టడుగున ఉండేది. 2024లో, ఆ తరగతి గణితంలో 2019 నాటి తన స్థాయిని దాటిన రాష్ట్రం ఇదొక్కటే. కోచ్‌లు అన్ని బడులకూ ఒకేసారి రాలేదు, కాబట్టి ఘనతంతా చట్టానిదేనని అనను. ఆ చట్టాన్ని కాగితం మీద వదిలేయకుండా డబ్బు కేటాయించిన శాసనసభ్యులకు మాత్రం తప్పక కృతజ్ఞతలు చెప్పాలి.

మీ ఇంటికీ అలాంటి ఉత్తరం వస్తే దయచేసి నామోషీగా భావించకండి, దాచేయకండి. వెళ్లి టీచరుతో మాట్లాడండి. అందులో ఏదైనా అర్థం కాకపోతే నన్నడగండి, తెలుగులో వివరిస్తాను.