మూతలో దీపమున్న స్కానరు

మెల్‌బోర్న్

నాన్నగారికి నమస్కారాలు.

బిస్కట్ల డబ్బాలోంచి నెగటివులు తీసి పాత పంచె ముక్కతో తుడుస్తున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. దయచేసి ఆపండి. గీత పడిందంటే ఇక పోదు.

స్కానరు కొన్నాను. ఇంట్లో ఒకటుండగా ఇంకోటెందుకంటారని తెలుసు. మనింట్లోది కాగితం మీద పడి వెనక్కొచ్చిన వెలుగును చదువుతుంది. నెగటివుకి వెలుగు దానిలోంచి దూరి రావాలి. అందుకే మూతలో కూడా దీపమున్నది వెతికాను.

మీరు అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీసినవన్నీ 120 ఫిల్ము కదా, చుట్టకి పన్నెండు బొమ్మలు. నా బేరం అక్కడే తేలిపోయింది. 35 ఎంఎం ఫిల్ముకని వచ్చే చిన్న మెషీన్లలో మీ ఆరు సెంటీమీటర్ల చదరం దూరదు. ఎప్సన్ వి850 అనే స్కానరు విడి రేకుల్లా వచ్చే పెద్ద షీటు ఫిల్మయినా తీస్తుంది, కానీ మనకి షీటు ఫిల్మెక్కడిది? అదే కంపెనీ వి600 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. డబ్బాల మీద వేసే పెద్ద పెద్ద డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందన్న) అంకెలు చూసి మురిసిపోనక్కర్లేదు. 2400 దగ్గర తీసినా మీ బొమ్మ ఒక్కో వైపు అయిదు వేల పిక్సెళ్ళు దాటుతుంది. గోడ పటానికి అది ధారాళం.

ఒక్క ఆశ మాత్రం వదులుకోండి. దుమ్మూ గీతలూ తనే చెరిపేసే ఐస్ అనే ఏర్పాటుంది దీనిలో. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కలరు ఫిల్ము రంగుల్ని దాటిపోతుంది, దుమ్ము దగ్గర ఆగిపోతుంది, అలా దుమ్ము దొరికిపోతుంది. మీ నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ అంతా వెండే. వెండి కూడా ఆ వెలుగును ఆపేస్తుంది. దాని లెక్కలో చెల్లి మొహమూ దుమ్మే! కాబట్టి బ్లోయరుతో ఊదుకోవడమే, సంక్రాంతికి వచ్చి నేను ఊదుతాను.

ఈలోగా డబ్బా మూత తీసి వాసన చూడండి. వెనిగరులా పుల్లగా ఘాటు కొడితే నాకు చెప్పండి. మహేంద్రతనయ ఏటి ఒడ్డు చెమ్మకి ఎసిటేట్ అనే ప్లాస్టిక్ ఫిల్ము చెడితే ఆ వాసనే వేస్తుంది. మూసిన రేకు డబ్బాలో అది ఇంకా ముదిరి పక్కవాటికీ అంటుకుంటుంది. అలాంటివి విడిగా కాగితం కవర్లలో పెట్టండి. ముందు వాటినే తీస్తాను.

వీలైతే ఒక్కటి వెతికి ఉంచండి. గుణుపురం నేరోగేజి బండి ముందు తాతయ్య గొడుగుతో నిలబడ్డది. ఆ బండి 2004లో ఆగిపోయింది, ప్రింటేమో తిత్లీ తుఫాను వానకి తడిసి అట్టకి అంటుకుపోయింది. పర్లాకిమిడి స్టేషన్లో తీశారని గుర్తు. పాతపట్నంలోదంటుంది అమ్మ. నెగటివులో బోర్డు కనిపిస్తుందేమో, వెలుగుకి పెట్టి చూడండి. అంచులు పట్టుకునే సుమా.

మీ పెద్దబ్బాయి